పల్లీ చాక్లెట్‌ వెనుక భీమవరం బిడ్డ

హఫీజ్‌పేట్‌ అపార్టుమెంట్లలో అయినా, చిన్న ఊళ్ళో అయినా పిల్లలకి ఇంట్లోనే చాక్లెట్‌ చేసిపెట్టడం ఏమంత కష్టం కాదు. దోరగా వేయించి పొట్టు తీసిన పల్లీలని నూనె ఊరేదాకా మిక్సీలో తిప్పి, ఆ వెన్నలో కోకో పొడి, బెల్లం తురుము కలిపి ఉండలు కడితే సరి! నూరు గ్రాముల పల్లీల్లో మాంసకృత్తులే ఇంచుమించు 25 గ్రాములు. వాటితోపాటు ఫోలేట్‌ అనే విటమిన్‌ కూడా ఉంది. మాత్రల్లో ఫోలిక్‌ యాసిడ్‌గా ఇచ్చేది దీన్నే. దాన్ని ప్రయోగశాలలో తయారుచేయించినవారు మన తెలుగాయనే, యల్లాప్రగడ సుబ్బారావు.

ఆయన 1895లో భీమవరంలో పుట్టారు. చిన్నతనంలో డబ్బు సంపాదిద్దామని కాశీకి బయల్దేరితే తల్లి వెంకమ్మగారు వెనక్కి రప్పించారు. తండ్రి పోయాక నగలమ్మి చదివించారు. మెట్రిక్‌ రెండుసార్లు తప్పి, మూడోసారి గట్టెక్కిన అబ్బాయి మద్రాసులో వైద్యం చదివాడు. ఇంతలో ఇంటిమీద పిడుగు పడింది. తిన్నది ఒంటికి పట్టనివ్వని స్ప్రూ జబ్బుతో అన్నదమ్ములిద్దరు రోజుల తేడాతో కన్నుమూశారు.

1920ల మొదట్లో మామగారి సాయంతో సుబ్బారావు అమెరికా వెళ్ళారు. పగలు హార్వర్డ్‌లో చదువు, పొట్టకూటికి రాత్రిళ్ళు ఆసుపత్రిలో ఊడిగం. ఇక్కడ భార్య శేషగిరిగారు ఎదురుచూస్తూనే ఉన్నారు. పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు. భర్త మళ్ళీ తిరిగి రానేలేదు.

1940లో ఆయన లెడర్లీ మందుల కంపెనీలో చేరారు. 1945లో ఆయన బృందం ఫోలిక్‌ యాసిడ్‌ను తయారుచేసింది. అన్నదమ్ముల్ని మింగిన స్ప్రూకి అదే మందయింది! 1948 ఆగస్టులో, 53 ఏళ్ళకే ఆయన కన్నుమూశారు.

ఇవాళ గర్భిణులకి ఐరన్‌తోపాటు ఇచ్చే మాత్రలో ఉన్నది ఆ ఫోలిక్‌ యాసిడే. రక్తహీనత రాకుండా, కడుపులో బిడ్డ వెన్నెముక సరిగ్గా ఏర్పడేలా కాస్తుంది. పల్లీలు వేయిస్తే ఫోలేట్‌ కొంత తగ్గుతుంది కనుక మిఠాయి తింటున్నాం కదా అని మాత్ర మానకూడదు. బూజు పట్టిన గింజలు ఏరి పారెయ్యాలి. పల్లీలు పడని పిల్లలకి అసలు పెట్టకూడదు.

సుబ్బారావుగారి పేరు పుస్తకాల్లో ఉంది. నగలమ్మిన తల్లిదీ, ఎదురుచూపుల్లోనే బతుకు గడిపిన ఇల్లాలిదీ కూడా ఆ మందులో వాటా ఉంది. పిల్లలకి ఆ కథ చెప్పేటప్పుడు వాళ్ళిద్దరినీ మరిచిపోకండి.