ఖగోళ విజ్ఞానాన్ని ప్రజల భాషల్లోకి తెచ్చిన చింతామణి రఘునాథాచారి

ఖగోళ శాస్త్రాన్ని వేధశాల గోడల మధ్య నుంచి సామాన్య ప్రజల చెంతకు చేర్చిన తొలితరం భారతీయ శాస్త్రజ్ఞులలో చింతామణి రఘునాథాచారి ఒకరు. పంచాంగకర్తల వంశంలో జన్మించిన ఆయన 1840వ దశకంలో మద్రాసు వేధశాలలో చేరి, స్వయంకృషితో ప్రథమ సహాయకుని స్థాయికి ఎదిగారు.

ప్రభుత్వ ఖగోళ శాస్త్రజ్ఞుడు నార్మన్ పాగ్సన్ నేతృత్వంలో నక్షత్రపట్టిక రూపకల్పనకు ఆయన ఏళ్ల తరబడి రాత్రివేళల్లో పరిశీలనలు జరిపారు. 1867లో ఆర్ రెటిక్యులి అనే నక్షత్రం కాంతిలో మార్పులను గుర్తించారు. 1872లో లండన్‌లోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ ఆయనను ఫెలోగా ఎన్నుకుంది.

తెలుగు నేలతో ఆయనకు ప్రత్యేక అనుబంధం ఉంది. 1868 ఆగస్టు 18న సంభవించిన సంపూర్ణ సూర్యగ్రహణాన్ని పరిశీలించేందుకు పాగ్సన్ మచిలీపట్నం వెళ్లగా, వనపర్తిలో పరిశీలన బృందానికి రఘునాథాచారి నాయకత్వం వహించారు. సూర్యునిలో హీలియం ఉనికిని సూచించిన పసుపు రేఖ ఈ గ్రహణ సందర్భంలోనే శాస్త్రజ్ఞుల దృష్టికి వచ్చింది.

ప్రాచీన సిద్ధాంత గ్రంథాల గణితం ఎంతో ప్రతిభావంతమైనదే అయినా, శతాబ్దాలు గడిచేకొద్దీ అందులోని స్వల్ప భేదాలు పేరుకుపోయి, పంచాంగంలో చెప్పిన గ్రహస్థితులకూ ఆకాశంలో కనిపించే స్థితులకూ పొంతన తప్పింది. పర్వదినాలు, ముహూర్తాలు, గ్రహణ కాలాలు పంచాంగంపైనే ఆధారపడినందున ఇది ప్రతి ఇంటికీ సంబంధించిన సమస్య. దీని పరిష్కారానికి ఆయన ప్రత్యక్ష పరిశీలనతో సరిపోలే దృగ్గణిత పంచాంగాన్ని వెలువరించారు. సంప్రదాయాన్ని తోసిపుచ్చకుండానే దానిని సరిదిద్దవచ్చునని ఈ కృషి ద్వారా నిరూపించారు.

1874 డిసెంబరు 9న శుక్రగ్రహం సూర్యబింబం మీదుగా సాగే అరుదైన ఘట్టాన్ని ఆయన ప్రజా విద్యకు అవకాశంగా మలచుకున్నారు. ఈ సంక్రమణాన్ని వేర్వేరు ప్రదేశాల నుంచి పరిశీలించి భూమికీ సూర్యునికీ మధ్య దూరాన్ని ఎలా లెక్కకట్టవచ్చునో వివరిస్తూ చిన్న పుస్తకాన్ని రచించారు. అది ఇంగ్లీషుతో పాటు కన్నడం, ఉర్దూ తదితర భాషల్లో వెలువడింది. అదే సంవత్సరం మద్రాసు పచ్చయప్ప హాలులో ప్రసంగిస్తూ, దేశీయ విద్యార్థులకు శిక్షణ ఇచ్చే వేధశాల ఆవశ్యకతను నొక్కిచెప్పారు.

సిద్ధాంత జ్యోతిషాన్నీ ఆధునిక శాస్త్రాన్నీ సమన్వయించే బృహత్ గ్రంథాన్ని ఆయన తలపెట్టినా, అది పూర్తికాకుండానే 1880 ఫిబ్రవరి 5న కన్నుమూశారు. ఆయన కోరుకున్న మార్పు మాత్రం ఆగిపోలేదు. 1957 నుంచి భారత ప్రభుత్వం తెలుగుతో సహా పలు భాషల్లో వెలువరిస్తున్న రాష్ట్రీయ పంచాంగానికి ఆధారం, ఆకాశంలోని వాస్తవ గ్రహస్థితులకు సరిపోలే ఆ గణితమే.