ఖైదీల క్యాంపులో లా పాఠాలు.. ఆరు దేశాలను ఒకే చట్టం కిందకు తెచ్చిన ప్రొఫెసర్! ఎవరీ వాల్టర్ హాల్‌స్టీన్?

యూరోపియన్ యూనియన్ అనగానే బ్రస్సెల్స్, యూరో కరెన్సీ, షెంగెన్ వీసా గుర్తొస్తాయి. కానీ ఆ యూనియన్ చట్టాలు, సంస్థల గురించి చదివే లా విద్యార్థులకు ముందుగా ఎదురయ్యే పేర్లలో ఒకటి వాల్టర్ హాల్‌స్టీన్. సైన్యం లేదు, పోలీసులు లేరు, సొంత ఖజానా కూడా సరిగా లేదు. కేవలం చట్టం అనే దారంతో దేశాలను కట్టి ఉంచొచ్చని నమ్మిన లా ప్రొఫెసర్ ఆయన. ఆ నమ్మకం కోసమే చివరికి పదవి కూడా వదులుకున్నారు.

30 ఏళ్లు నిండకముందే ప్రొఫెసర్

హాల్‌స్టీన్ 1901 నవంబర్ 17న జర్మనీలోని మైంజ్ నగరంలో పుట్టారు. తండ్రి రైల్వే అధికారి. బాన్, మ్యూనిక్, బెర్లిన్‌లలో లా చదివి 1925లో డాక్టరేట్ అందుకున్నారు. ఆయన పరిశోధనకు తీసుకున్న అంశం వెర్సాయ్ ఒప్పందం. అంటే దేశాల మధ్య కుదిరిన ఒప్పందం మామూలు మనుషుల కాంట్రాక్టులపై ఎలా ప్రభావం చూపుతుందన్న ప్రశ్న చిన్న వయసులోనే ఆయన ముందుకొచ్చింది. ఆ తర్వాత వేర్వేరు దేశాల కంపెనీ చట్టాలను పక్కపక్కన పెట్టి చూడటం ఆయన ప్రత్యేకత అయింది. 1930లో రోస్టాక్ యూనివర్సిటీలో ప్రొఫెసర్ అయ్యారు. అప్పటికి ఆయనకు 30 ఏళ్లు కూడా నిండలేదు.

మూడేళ్లు తిరక్కుండానే హిట్లర్ అధికారంలోకి వచ్చాడు. హాల్‌స్టీన్ నాజీ పార్టీలో చేరలేదు. అయితే నాజీల అనుబంధ న్యాయవాదుల సంఘంలో సభ్యుడిగా ఉన్నారు, ఉద్యోగంలోనూ కొనసాగారు. ఆయన జీవితంలోని ఈ అధ్యాయంపై చరిత్రకారుల మధ్య చర్చ నేటికీ ఉంది.

క్యాంపే క్లాస్‌రూమ్

1941లో ఫ్రాంక్‌ఫర్ట్ యూనివర్సిటీకి మారిన ఆయన్ను మరుసటి ఏడాదే సైన్యంలోకి తీసుకున్నారు. 1944 జూన్‌లో ఫ్రాన్స్‌లోని షెర్బోర్గ్‌లో అమెరికా సేనలకు చిక్కారు. అక్కడి నుంచి నేరుగా అమెరికాలోని మిసిసిపి రాష్ట్రానికి, క్యాంప్ కోమోకి తరలించారు.

ముళ్ల కంచె మధ్య ఆయన ఖాళీగా కూర్చోలేదు. తోటి జర్మన్ ఖైదీల కోసం క్యాంపులోనే చిన్నపాటి యూనివర్సిటీ నడిపారు. అందులో లా పాఠాలు చెప్పారు. యుద్ధం ముగిశాక 1945 చివర్లో ఇంటికి తిరిగొచ్చి, బాంబులతో దెబ్బతిన్న ఫ్రాంక్‌ఫర్ట్‌లో యూనివర్సిటీని మళ్లీ నిలబెట్టే పనిలో పడ్డారు. 1946లో దానికి రెక్టర్ అయ్యారు. ఆ తర్వాత అమెరికాలోని జార్జ్‌టౌన్ యూనివర్సిటీలో కొంతకాలం అతిథి ప్రొఫెసర్‌గా పనిచేశారు.

బొగ్గు, ఉక్కుతో మొదలు

1950 మేలో ఫ్రాన్స్ విదేశాంగ మంత్రి రాబర్ట్ షూమన్ ఓ ప్రతిపాదన పెట్టారు. ఫ్రాన్స్, జర్మనీల బొగ్గు, ఉక్కు ఉత్పత్తిని ఒకే ఉమ్మడి సంస్థ కిందకు తేవాలన్నదే ఆ ప్లాన్. ఆయుధాల తయారీకి మూలం ఈ రెండే. వాటిపై ఉమ్మడి కంట్రోల్ ఉంటే ఒకరికి తెలియకుండా ఒకరు యుద్ధానికి సిద్ధం కాలేరు.

చర్చలకు జర్మనీ తరఫున ఎవరు వెళ్లాలి? ఛాన్స్‌లర్ కొన్రాడ్ అడెనావర్ ఎంపిక చేసింది హాల్‌స్టీన్‌నే. అటు వైపు జీన్ మొనే ఉన్నారు. 1951 ఏప్రిల్ 18న పారిస్‌లో ఆరు దేశాలు ఒప్పందంపై సంతకాలు చేశాయి. ఫ్రాన్స్, పశ్చిమ జర్మనీ, ఇటలీ, బెల్జియం, నెదర్లాండ్స్, లక్సెంబర్గ్.. ఇవే ఆ ఆరు.

ఢిల్లీకీ తగిలిన 'హాల్‌స్టీన్ సిద్ధాంతం'

1951 నుంచి ఆయన జర్మనీ విదేశాంగ శాఖలో స్టేట్ సెక్రటరీ. ఆ రోజుల్లోనే ఆయన పేరుతో ఓ విధానం ప్రపంచమంతా మోగిపోయింది. తూర్పు జర్మనీని గుర్తించే దేశంతో పశ్చిమ జర్మనీ దౌత్య సంబంధాలు ఉంచుకోదు. సోవియట్ యూనియన్‌కు మాత్రమే మినహాయింపు. దీని రూపకల్పనలో దౌత్యవేత్త విల్‌హెల్మ్ గ్రేవేది పెద్ద పాత్రే అయినా, పేరు మాత్రం హాల్‌స్టీన్‌కే అంటుకుంది. 1957లో యుగోస్లావియాపై దీన్ని ప్రయోగించారు. భారత్ కూడా తూర్పు జర్మనీని అధికారికంగా గుర్తించింది 1972లోనే.

బ్రస్సెల్స్‌లో తొలి కుర్చీ

1957 మార్చి 25న రోమ్ ఒప్పందం కుదిరింది. జర్మనీ తరఫున అడెనావర్‌తో పాటు హాల్‌స్టీన్ కూడా సంతకం పెట్టారు. అలా యూరోపియన్ ఎకనమిక్ కమ్యూనిటీ పుట్టింది. 1958 జనవరిలో దాని కమిషన్‌కు ఆయన తొలి అధ్యక్షుడు అయ్యారు.

ఇంతకీ ఈ వ్యవస్థ పని చేసేది ఎలా? చట్టాల్ని ప్రతిపాదించేది కమిషన్. నిర్ణయం తీసుకునేది సభ్య దేశాల మంత్రులుండే కౌన్సిల్. ఒప్పందానికి అర్థం చెప్పేది లక్సెంబర్గ్‌లోని కోర్టు. కమిషన్ సభ్యులు తమ దేశం మాట వినకూడదు, మొత్తం కమ్యూనిటీ కోసమే పనిచేయాలి. అప్పటివరకు ఉన్న అంతర్జాతీయ సంస్థలతో పోలిస్తే ఇదే పెద్ద తేడా. బలవంతుడి మాట కాదు, రాసుకున్న రూలే చెల్లాలి అన్నది హాల్‌స్టీన్ వాదన. అందుకే ఈ కూటమిని ఆయన చట్టంతో ఏర్పడిన సమాజంగా చూశారు.

ఆ వాదనకు 1963లో పెద్ద పరీక్ష ఎదురైంది. జర్మనీ నుంచి రసాయనం తెప్పించుకున్న ఓ డచ్ కంపెనీపై కస్టమ్స్ సుంకం 3 శాతం నుంచి 8 శాతానికి పెరిగింది. ఇది రోమ్ ఒప్పందానికి విరుద్ధమంటూ కంపెనీ కేసు వేసింది. ఒప్పందాన్ని చూపించి ఓ ప్రైవేటు కంపెనీ హక్కు అడగొచ్చా? కుదరదన్నాయి ప్రభుత్వాలు. వాటిలో హాల్‌స్టీన్ సొంత దేశం జర్మనీ కూడా ఉంది. అడగొచ్చని ఆయన కమిషన్ వాదించింది. కోర్టు కమిషన్ వైపే మొగ్గింది. ఇదే 'వాన్ గెండ్ ఎన్ లోస్' తీర్పు. మరుసటి ఏడాది కరెంటు బిల్లు కట్టనన్న మిలాన్ లాయర్ కోస్టా కేసులో, కమ్యూనిటీ చట్టం సభ్య దేశం చట్టం కన్నా మిన్న అని కోర్టు తేల్చింది. ఈ రెండు తీర్పులు చదవకుండా యూరోపియన్ యూనియన్ లా కోర్సు ముందుకు సాగదు.

డిగాల్‌తో ఢీ

ఇక్కడే అసలు గొడవ మొదలైంది. ఫ్రాన్స్ అధ్యక్షుడు చార్లెస్ డిగాల్‌కు హాల్‌స్టీన్ తీరు నచ్చలేదు. విదేశీ రాయబారులు దేశాధినేతకు ఇచ్చినట్టుగా ఓ కమిషన్ అధ్యక్షుడికి అధికార పత్రాలు ఇవ్వడమేంటన్నది ఆయన అభ్యంతరం. ఎన్నికైన ప్రభుత్వాల కన్నా బ్రస్సెల్స్ అధికారులు ఎక్కువా అన్నది అసలు ప్రశ్న. ఈ ప్రశ్నను కొట్టిపారేయలేం. ఇవాళ్టికీ యూరప్‌లో ఎన్నికలు వచ్చినప్పుడల్లా ఇదే వినిపిస్తోంది.

1965లో హాల్‌స్టీన్ మూడు విషయాల్ని ఒకే ప్యాకేజీగా పెట్టారు. వ్యవసాయ సబ్సిడీలకు నిధులు, కస్టమ్స్ ఆదాయం నేరుగా కమ్యూనిటీకే, బడ్జెట్‌పై యూరోపియన్ పార్లమెంట్‌కు ఎక్కువ అధికారం. సబ్సిడీలు కావాలి కాబట్టి ఫ్రాన్స్ మిగతా వాటికీ ఒప్పుకుంటుందని ఆయన లెక్క. ఆ లెక్క తప్పింది. జులై 1 నుంచి ఫ్రాన్స్ కౌన్సిల్ సమావేశాలకు రావడం మానేసింది. చరిత్రలో ఇదే 'ఖాళీ కుర్చీ సంక్షోభం'.

ఏడు నెలల తర్వాత, 1966 జనవరి చివర్లో లక్సెంబర్గ్‌లో రాజీ కుదిరింది. కీలక ప్రయోజనాల విషయంలో మెజారిటీ ఓటు పక్కన పెట్టి ఏకాభిప్రాయం వచ్చేదాకా చర్చించాలన్నది ఫ్రాన్స్ పట్టు. కాగితంపై మెజారిటీ ఓటింగ్ ఉన్నా ఆచరణలో దేశాలకు వీటో దక్కినట్టయింది. కొత్త కమిషన్‌లో హాల్‌స్టీన్‌కు కొద్ది నెలల గడువు మాత్రమే ఇస్తామన్నారు. అలాంటి పదవి తనకొద్దని ఆయన 1967లో తప్పుకున్నారు.

ఓడారా.. గెలిచారా?

తర్వాత యూరోపియన్ మూవ్‌మెంట్‌కు అధ్యక్షుడిగా, 1969 నుంచి 1972 వరకు జర్మనీ పార్లమెంట్ సభ్యుడిగా ఉన్నారు. పెళ్లి చేసుకోలేదు. 1982 మార్చి 29న స్టుట్‌గార్ట్‌లో కన్నుమూశారు.

కానీ ఆయన కళ్లముందే లెక్క మారింది. 1968 జులై 1న ఆరు దేశాల మధ్య సుంకాలు గడువుకన్నా ముందే పోయాయి. 1970లో కమ్యూనిటీకి సొంత ఆదాయం, పార్లమెంట్‌కు బడ్జెట్ అధికారాలు వచ్చాయి. 1979లో యూరోపియన్ పార్లమెంట్‌కు ప్రజలే నేరుగా ఓటేశారు. ఆయన పదవికి ఎసరు పెట్టిన ప్రతిపాదనల్లో చాలావరకు ఆయన బతికుండగానే చట్టమయ్యాయి.

ఆరు దేశాల కూటమి ఇప్పుడు 27 దేశాలకు పెరిగింది. నాలుగు అధికార భాషలు 24 అయ్యాయి. బెర్లిన్‌లోని హంబోల్ట్ యూనివర్సిటీలో యూరప్ రాజ్యాంగ చట్టంపై పరిశోధన చేసే సంస్థకు హాల్‌స్టీన్ పేరే పెట్టారు. తాను చదివిన బెర్లిన్‌లోనే ఆయన పేరు ఇప్పుడు లా విద్యార్థుల నోట వినిపిస్తోంది.