వ్యర్థం నుండి అర్థం : సర్ ఆర్థర్ కాటన్

సంపద రెండు విధాలుగా వృద్ధి చెందుతుంది. కొత్తగా ఆర్జించడం మొదటి మార్గం. ఉన్నదానిని వృథా పోకుండా కాపాడుకోవడం రెండవ మార్గం. లోకం మొదటి మార్గానికి ఇచ్చినంత గౌరవం రెండవ మార్గానికి ఇవ్వదు. ఆర్జించినది కంటికి కనిపిస్తుంది; వృథాగా పోయినది లెక్కల పుస్తకాలకు ఎక్కదు. అయితే వృథాను అరికట్టడం వల్ల ఒక ప్రాంతం తలరాతే మారిపోగలదని గోదావరి డెల్టా చరిత్ర నిరూపించింది. ఆ చరిత్రను మలుపు తిప్పినవాడు సర్ ఆర్థర్ థామస్ కాటన్. ఆంధ్రులు ఆయనను కాటన్ దొర అని ఆత్మీయంగా పిలుచుకొన్నారు. అపర భగీరథుడని కీర్తించారు.

కాటన్ 1803 మే 15న ఇంగ్లండులో జన్మించాడు. ఆయన తండ్రి హెన్రీ కాల్వెలీ కాటన్. అన్నదమ్ములు ఎక్కువగా ఉన్న పెద్ద కుటుంబం వారిది. పదిహేనేళ్ల ప్రాయంలో కాటన్ ఈస్టిండియా కంపెనీ వారి అడిస్కాంబ్ సైనిక విద్యాలయంలో చేరాడు. 1819లో ఇంజనీరుగా నియామకం పొంది, 1821లో మద్రాసు చేరుకొన్నాడు. అప్పటికి ఆయన వయస్సు పద్దెనిమిదేళ్లు మాత్రమే.

దక్షిణాది జిల్లాలలో చెరువులు, కాలువలు పరిశీలించే పని ఆ యువకునికి లభించింది. ఆ పనిలో భాగంగా కావేరీ తీరాన్ని చూశాడు. కరికాల చోళుని పేరుతో ముడిపడిన కల్లణై ఆనకట్ట అక్కడ శతాబ్దాల నుండి నిలిచి ఉంది. గట్టి పునాదికి రాతినేల దొరకని ఇసుక నదిలో ఆ కట్టడం ఎలా నిలిచిందో ఆయన శ్రద్ధగా గమనించాడు. ప్రాచీన శిల్పులు పెద్ద రాళ్లను ఇసుకలో పోసి, అవి దిగబడి స్థిరపడే వరకు వేచి, పైన మరికొన్ని పేర్చుకొంటూ వచ్చారు. ఈ విద్యను తాను భారతీయుల వద్దనే నేర్చుకొన్నానని కాటన్ తరువాతి కాలంలో స్పష్టంగా అంగీకరించాడు. పాతదని దేనినీ పారవేయకుండా అందులోని సారాన్ని గ్రహించడం ఆయన స్వభావం. ఆ జ్ఞానంతోనే 1836 ప్రాంతంలో కొల్లిడం నదిపై ఆనకట్టలు నిర్మించాడు. వాటి వల్ల తంజావూరు సీమ సిరులతో తులతూగింది.

అదే కాలంలో గోదావరి సీమ పరిస్థితి దయనీయంగా ఉండేది. త్రయంబకేశ్వరం వద్ద పుట్టి, సుమారు 1,465 కిలోమీటర్లు ప్రవహించి వచ్చే గోదావరి వర్షాకాలంలో ఊళ్లను ముంచివేసేది. వరద తీసిన తరువాత ఆ నీరంతా సముద్రం పాలయ్యేది. కొన్ని నెలలు గడిచేసరికి నది పక్కనే ఉన్న పొలాలు ఎండి బీటలు వారేవి. 1832-33లో వచ్చిన నందన కరువు ఎందరినో బలిగొన్నది. 1839లో కోరంగి తీరాన్ని పెను తుపాను ముంచెత్తింది. ఆకలికి తాళలేక ప్రజలు ఇల్లూ వాకిలీ విడిచి వలస వెళ్లారు. 1821లో సుమారు 7,38,000 ఉన్న రాజమహేంద్రవరం జిల్లా జనాభా 1841 నాటికి సుమారు 5,61,000కు పడిపోయింది. ఇరవై ఏళ్లలో నలుగురిలో ఒకరు కనుమరుగయ్యారన్నమాట. ఇంతటి వినాశం జరిగింది నీరు లేని ఎడారిలో కాదు, జీవనది ఒడ్డున!

ఈ వైపరీత్యమే కాటన్ హృదయాన్ని కదిలించింది. విశాఖపట్నం ప్రాంతంలో పనిచేస్తున్న ఆయన గోదావరి డెల్టాను పరిశీలించి 1844లో ప్రభుత్వానికి నివేదిక సమర్పించాడు. మరుసటి సంవత్సరం మరొక నివేదికలో తన ప్రణాళికను వివరించాడు. తంజావూరుకూ గోదావరి సీమకూ నేల, నది, వాతావరణం దాదాపు ఒకే విధంగా ఉన్నాయని, ఒకచోట సమృద్ధికీ మరొకచోట కరువుకూ కారణం నీటిని వినియోగించుకోవడంలోని తేడాయేనని ఆయన వాదం. నీటితోపాటు సారవంతమైన ఒండ్రుమట్టి కూడా ఏటా సముద్రంలో కలిసిపోతున్నదని గుర్తు చేశాడు. ఆనకట్టకు సుమారు 4.75 లక్షల రూపాయలు ఖర్చవుతుందని అంచనా వేశాడు. ఖర్చును చూసి వెనుకాడే కంపెనీ అధికారులకు, ఖర్చు చేయకపోవడం వల్ల ప్రతి సంవత్సరం కలుగుతున్న నష్టాన్ని లెక్కగట్టి చూపడం ఆయన ప్రతిభ. చివరకు 1846 డిసెంబరులో లండనులోని కంపెనీ డైరెక్టర్లు అనుమతి ఇచ్చారు.

1847లో ధవళేశ్వరం వద్ద పని మొదలయింది. ఆ చోటును ఎంపిక చేయడంలోనే కాటన్ పొదుపరితనం కనిపిస్తుంది. అక్కడ గోదావరి వెడల్పుగా పరచుకొని, లంకల మధ్య నాలుగు పాయలుగా ప్రవహిస్తుంది. వెడల్పు ఎక్కువైనచోట లోతు, వేగం తక్కువగా ఉంటాయి. అందువల్ల తక్కువ ఎత్తు గోడతో పని నెరవేరుతుంది. పక్కనే ధవళేశ్వరం కొండ ఉంది. కావలసిన రాయిని దూరప్రాంతాల నుండి తెప్పించకుండా ఆ కొండనే తవ్వి, పట్టాల మీద నడిచే బండ్లలో నది ఒడ్డుకు చేర్చారు. టేకు దుంగలు ఎగువ అడవుల నుండి నదీప్రవాహం మీదనే తేలి వచ్చాయి. ఇసుకలోకి నూతులు దించి, వాటిపై గోడ కట్టి, దిగువ వైపున పెద్ద రాళ్లను పరిచారు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా నిర్మించిన ఈ ఆనకట్ట మొత్తం పొడవు సుమారు 12 వేల అడుగులు.

పని సాఫీగా సాగలేదు. కాటన్ కోరినంతమంది ఇంజనీర్లను ప్రభుత్వం ఇవ్వలేదు. వరదలు వచ్చి కట్టిన భాగాలను దెబ్బతీశాయి. ఎండలో నిర్విరామంగా శ్రమించడం వల్ల ఆయన ఆరోగ్యం క్షీణించింది. 1848లో సెలవుపై వెళ్లక తప్పలేదు. ఆ సమయంలో కెప్టెన్ ఆర్ బాధ్యతలు స్వీకరించాడు. కాటన్ కోలుకొని తిరిగి వచ్చాడు. వేలాది కూలీల చెమట ఫలితంగా 1852లో ఆనకట్ట పూర్తయింది.

ఆనకట్టతోనే కార్యం ముగియలేదు. నిలిపిన నీరు పొలానికి చేరాలంటే కాలువలు, లాకులు, తూములు కావాలి. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు వేర్వేరుగా ప్రధాన కాలువలు తవ్వారు. కోనసీమలో వైనతేయ పాయను దాటించి నగరం లంకకు నీరు అందించడానికి గన్నవరం వద్ద 49 ఖానాల అక్విడక్టును నిర్మించారు. ఈ మహాకార్యంలో వీణం వీరన్న అనే తెలుగు ఇంజనీరు కాటన్‌కు కుడిభుజంగా నిలిచాడు. కూలీలను సమీకరించి, వారి కష్టసుఖాలు తెలుసుకొంటూ పనిని నడిపించాడు. ఆయన సేవలకు గుర్తింపుగా ప్రభుత్వం రాయ్ బహదూర్ బిరుదు ఇచ్చింది.

క్రమంగా గోదావరి సీమ రూపురేఖలు మారిపోయాయి. వలస వెళ్లిన సీమకే ఇతర ప్రాంతాల ప్రజలు తరలివచ్చారు. పంట కాలువలే రహదారులై, పడవలలో ధాన్యం రాజమహేంద్రవరం నుండి కాకినాడకు, ఏలూరుకు సాగింది. గోదావరి అనుభవంతో కాటన్ సూచించిన కృష్ణా ఆనకట్ట కూడా కెప్టెన్ ఆర్ ఆధ్వర్యంలో 1855లో విజయవాడ వద్ద పూర్తయింది. కంపెనీకి శిస్తు ఆదాయం పెరిగిన మాట నిజం. ఆ ఆశ లేనిదే వారు అనుమతి ఇచ్చి ఉండేవారు కారు. అయినా కాటన్ దృష్టి ప్రజల ఆకలిపైనే నిలిచింది.

1861లో బ్రిటిష్ ప్రభుత్వం ఆయనకు సర్ బిరుదు ప్రదానం చేసింది. అయితే ఆయన ఆలోచనలన్నీ సఫలం కాలేదు. రైళ్ల కంటే జలమార్గాలకు ప్రాధాన్యమివ్వాలని ఆయన చేసిన వాదనను పాలకులు అంగీకరించలేదు. 1878లో పార్లమెంటు సంఘం ముందు తన అభిప్రాయాలకు సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చింది. ఆయన నిరాశ చెందలేదు. వృద్ధాప్యంలో డార్కింగ్ పట్టణంలోని తన ఇంటి తోటలోనే నేలను లోతుగా దున్ని, తక్కువ భూమిలో ఎక్కువ గోధుమ పండించే ప్రయోగాలు చేశాడు. చిన్న మడి కూడా వృథా కారాదన్నది ఆయన పట్టుదల. 1899 జూలై 24న, తొంభై ఆరేళ్ల వయస్సులో కన్నుమూశాడు.

శతాబ్దానికి పైగా సేవలందించిన పాత ఆనకట్ట స్థానంలో 1970లో కొత్త బ్యారేజి నిర్మాణం ప్రారంభమై 1982లో ముగిసింది. 175 గేట్లతో సుమారు పది లక్షల ఎకరాలకు నీరందించే ఆ బ్యారేజికి కాటన్ పేరే పెట్టారు. ధవళేశ్వరంలో ఆయన స్మారక మ్యూజియం ఉంది. గోదావరి స్నానవేళ ఆయనను తలచుకొని అర్ఘ్యం విడిచే పండితులున్నారని ఆ సీమలో చెప్పుకొంటారు.

కాటన్ కాలానికీ మన కాలానికీ జ్ఞానంలో తేడా ఉంది. సముద్రంలో కలిసే నీరంతా వృథాయేనని ఆనాడు భావించారు. కోరంగి మడ అడవులు, నదీముఖంలోని చేపలు, రొయ్యలు కొంత మంచినీటిపై ఆధారపడి బ్రతుకుతున్నాయని ఈనాడు మనకు తెలుసు. నది తెచ్చే ఒండ్రు తగ్గితే తీరం కోతకు గురవుతుందనీ తెలుసు. కాబట్టి ప్రకృతికి చెందవలసిన భాగాన్ని ప్రకృతికి విడిచిపెట్టి, మన భాగాన్ని వృథా చేయకపోవడమే నేటి వివేకం.

ఈ వివేకం గోదావరి ప్రజలకు కొత్తది కాదు. వరిగడ్డి పశువులకు మేత అయింది. ఊక పొయ్యిలోకి ఇంధనమయింది. కొబ్బరి డొక్క పీచుగా, తాడుగా మారి కోనసీమ ఇల్లాళ్లకు నాలుగు రాళ్లు తెచ్చిపెట్టింది. పేడ, ఆకులు, అలములు పెరటి పెంటకుప్పలో మాగి వేసవిలో పొలానికి ఎరువయ్యాయి. ఇంటినుండి బయటకు పారవేయవలసినదంటూ ఏమీ మిగిలేది కాదు. నేడు పరిస్థితి తారుమారయింది. ప్లాస్టిక్ సంచులు, సీసాలు, వంటింటి చెత్త కాలువ గట్లపై కుప్పలుగా పడుతున్నాయి. తూములకు అడ్డుపడి నీటిని ఆపుతున్నాయి. మురుగు చేరినచోట గుర్రపుడెక్క దట్టంగా పెరుగుతున్నది. ఎన్నో గ్రామాలు వేసవికి మంచినీటి చెరువులు నింపుకొనేది ఈ కాలువల నుండే. అంటే మనం విసిరిన చెత్త తిరిగి మన బిందెలోకే చేరుతున్నది. కాలువ పూడిక తీయడానికి, నీటిని శుద్ధి చేయడానికి, రోగాలకు మందులు కొనడానికి అయ్యే ఖర్చును చివరకు భరించేది ప్రజలే.

దీనికి విరుగుడు కష్టమైనది కాదు. తడి చెత్తను, పొడి చెత్తను ఇంటిలోనే వేరు చేయాలి. తడి చెత్తను గోతిలో మాగబెడితే పెరటి మొక్కలకు ఎరువు కొనే పని తప్పుతుంది. అంగడికి గుడ్డసంచి తీసుకువెళితే ప్లాస్టిక్ సంచి ఖర్చూ తప్పుతుంది, కాలువకు భారమూ తగ్గుతుంది. కాగితం, గాజు, ఇనుము పాత సామానుల వారికి అమ్మితే నాలుగు డబ్బులు చేతికి వస్తాయి. ఒక్కొక్క ఇంటి లెక్కలో ఇవి చిన్న విషయాలే. ఊరంతా ఆచరిస్తే వీటి విలువ ఎంతో ఉంటుంది.

కాటన్ గోదావరికి ఒక్క బిందె నీరు కూడా కొత్తగా తేలేదు. ఉన్న నీటిని వృథాగా పోనీయక దారి మళ్లించాడు. అంతమాత్రం చేతనే కరువు సీమ ధాన్యాగారమయింది. ఆయన విగ్రహానికి పూలమాల వేయడం గౌరవమే. ఆయన తవ్వించిన కాలువలో చెత్త వేయకుండా ఉండడం అంతకంటె గొప్ప గౌరవం. ఆ బాధ్యత నేటి విద్యార్థులదే.