వాటాల లెక్క తేల్చిన అల్ ఖ్వారిజ్మీ

ఆల్జీబ్రా అనగానే మన పిల్లల్లో చాలామందికి గుండె దడదడలాడుతుంది. కాని ఆ మాట ఒక అరబ్బీ గ్రంథం పేరులోంచి పుట్టింది. ఆ గ్రంథంలో దాదాపు సగం వీలునామాల, వారసుల వాటాల లెక్కలే. ఈ సంగతి తెలిస్తే ఆ భయం కొంత తగ్గుతుందని మా నమ్మకం.

గ్రంథకర్త ముహమ్మద్ ఇబ్న్ మూసా అల్ ఖ్వారిజ్మీ. క్రీ.శ. 780 ప్రాంతంలో జన్మించారు. వారి కుటుంబానిది మధ్య ఆసియాలోని ఖ్వారిజం అని పేరును బట్టి తెలుస్తుంది. 813 నుండి 833 వరకు ఏలిన ఖలీఫా మామూన్ కాలంలో, బాగ్దాదులోని బైతుల్ హిక్మలో ఖగోళ, భూగోళ, గణిత శాస్త్రాలలో కృషి చేశారు.

వారు ఇప్పటిలా గుర్తులు వాడలేదు. అంతా మాటల్లోనే చెప్పారు. తెలియని సంఖ్యను 'వస్తువు' అన్నారు. వారి పద్ధతిని ఒక చిన్న లెక్కతో చూద్దాం. 10లోంచి రెండు వస్తువులు తీసేస్తే 4 మిగిలింది. తీసేసినదాన్ని రెండో వైపు కలిపితే, 10 అంటే 4, రెండు వస్తువులు. ఇది అల్ జబ్ర్. రెండు వైపులా 4 కొట్టేస్తే, 6 అంటే రెండు వస్తువులు. ఇది ముఖాబలా. కనుక వస్తువు 3.

బేరసారాలకు మన పెద్దలు త్రైరాశికం అనే లెక్కనే వారూ వివరించారు. 5 కిలోల బియ్యం 300 రూపాయలైతే 8 కిలోలు ఎంత? 8ని 300తో హెచ్చించి 5తో భాగిస్తే 480 రూపాయలు.

ఇక పంపకం. ఒకాయన భార్యనూ, ఒక కొడుకునూ, ఒక కూతురునూ విడిచి కన్నుమూశాడనుకుందాం. అప్పులు, వసియ్యత్ తీరగా 24,000 రూపాయలు మిగిలాయి. భార్యకు ఎనిమిదో వంతు, అంటే 3,000. మిగతా 21,000లో కూతురి వాటా ఒక వస్తువైతే కొడుకుది రెండు. మూడు వస్తువులు 21,000 గనుక కూతురికి 7,000, కొడుక్కి 14,000.

ఖుర్ఆన్ నిర్ణయించిన వాటా ఇది. లెక్క రాని ఇంట్లో పెద్దమనిషి చెప్పిందే వాటా అవుతుంది, నష్టపోయేది తరచు ఆడపిల్లే. లెక్క వచ్చిన పిల్ల తన హక్కు తానే తేల్చుకుంటుంది.

అల్ ఖ్వారిజ్మీ భారతీయ అంకెల మీద కూడా ఒక పుస్తకం రాశారు. 850 ప్రాంతంలో గతించారు. 1145లో చెస్టర్ వాసి రాబర్ట్ వారి బీజగణితాన్ని లాటిన్‌లోకి తెచ్చాడు. కంప్యూటర్ వాళ్లు నేడు అల్గారిథం అనే మాటా వారి పేరు నుంచి వచ్చిందే.

కనుక తల్లిదండ్రులకు మా మనవి ఒక్కటే. అబ్బాయితో పాటు అమ్మాయినీ పలకా బలపంతో కూర్చోబెట్టి, పై లెక్కను మరోసారి చేయించండి.