రేడియో అన్నయ్య

తెలుగునాట పెద్దలను మెప్పించిన వక్తలు అనేకులు. పసివారి చెవికి ఇంపైన కంఠాలు మాత్రం వ్రేళ్ళ మీద లెక్కింపదగినవే. అట్టి కొలదిమందిలో అగ్రగణ్యులు న్యాయపతి రాఘవరావు గారు. వీరు 1905 ఏప్రిల్ 13న బరంపురంలో జన్మించారు. నేడు ఒడిశాలో ఉన్న ఆ పట్టణం నాడు మద్రాసు ప్రెసిడెన్సీలోనిది. సొంత పేరుతో ఆయనను ఎరిగినవారి కంటె 'రేడియో అన్నయ్య' అనే పిలుపుతో ఎరిగినవారే అధికం.

ఆయన జీవితాన్ని అర్థం చేసుకొనడానికి నాటి రేడియో స్థితిని కొంత తెలుసుకోవాలి. మద్రాసులో 1924లోనే ఒక రేడియో క్లబ్బు ప్రసారాలు ప్రారంభించింది. ధనం చాలక 1927లో మూతపడింది. 1930లో నగర కార్పొరేషన్ ఆ పనిని చేపట్టింది. 1938 జూన్ 16న ఆలిండియా రేడియో మద్రాసు కేంద్రం వెలసింది. కర్నూలు, కడప జిల్లాలు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో భాగాలు. కనుక అక్కడివారికి తెలుగు ప్రసారం ప్రధానంగా మద్రాసు నుండి రావలసిందే. రేడియో పెట్టె ఖరీదైనది; దానికి ఏటేటా లైసెన్సు రుసుము చెల్లించాలి. కరెంటు లేని పల్లెలే ఎక్కువ. ఊరికంతటికి ఒక్క పెట్టె ఉన్నచోట సాయంకాలం జనం దాని చుట్టూ గుమిగూడేవారు. పెద్దలు వార్తల కొరకు వేచి ఉంటే, పిల్లలు పెద్దల కాళ్ళ సందులలో కూర్చుండి తమ వంతు కొరకు ఎదురుచూచేవారు.

ఆ పిల్లల వంతు పేరు 'ఆటవిడుపు'. మద్రాసు కేంద్రంలో ఆ కార్యక్రమాన్ని రాఘవరావు గారు, ఆయన సతీమణి కామేశ్వరి గారు నిర్వహించారు. ఆయన తన్ను గురువుగా గాని, తాతగా గాని పరిచయం చేసుకొనలేదు. అన్నయ్య అనే మాటలో గౌరవం ఉన్నది, భయం లేదు. కామేశ్వరి గారు 'రేడియో అక్కయ్య' అయ్యారు. వరుస ప్రకారం అన్నయ్య భార్య వదిన కావలసి ఉండగా అక్కయ్య కావడం విచిత్రమే. అయినను పిల్లలెవ్వరూ ఆ లోపాన్ని ఎత్తి చూపినట్లు లేదు!

రాఘవరావు గారి ప్రత్యేకత ఆయన కంఠంలో కంటె ఆయన చూపిన సాహసంలో ఉన్నది. అప్పుడు మాటను ముందుగా టేపుపై పదిలపరచి, తప్పులు దిద్ది వినిపించే సౌకర్యం రేడియోకు అలవడలేదు. స్టూడియోలో ఎర్రదీపం వెలిగినదంటే పలికిన ప్రతి అక్షరమూ ఆ క్షణమే దేశం మీదికి వెళ్ళిపోతుంది. దగ్గినా, తడబడినా వెనుకకు తీసుకొనడం అసాధ్యం. ఆరితేరిన పెద్దలకే అరచేతులు చెమర్చే ఆ మైకు ముందు ఆయన పిల్లలను నిలబెట్టారు. పిల్లల కార్యక్రమమంటే పెద్దలు చెప్పగా పిల్లలు వినడం అన్నది లోకపు తలంపు. ఆయన పిల్లల చేతనే పాడించారు, కథలు చెప్పించారు, నాటికలు ఆడించారు. పసివాని నోట మాట తడబడితే దానిని కలుపుకొని సంభాషణను ముందుకు నడపడం ప్రయోక్తకు కత్తిమీద సాము. ఆ సాము ఆయన ఏళ్ళ తరబడి చేశారు.

వారానికి కొద్ది నిమిషాల ప్రసారంతో ఆయన తృప్తి చెందలేదు. 1940లో ఆంధ్ర బాలానంద సంఘాన్ని స్థాపించారు. 1945 ఆగస్టులో 'బాల' అనే మాసపత్రికను ప్రారంభించారు. కడప జిల్లా పొట్టిపాడులో పుట్టిన బి. నాగిరెడ్డి గారు చక్రపాణి గారితో కలిసి 'చందమామ'ను వెలువరించినది 1947లో. అనగా 'బాల' దానికి రెండేళ్ళు పెద్దది. అచ్చు అందంలోను, కథల బిగువులోను 'చందమామ'దే పైచేయి అని ఒప్పుకొనక తప్పదు. అయితే 'బాల' చేసిన పని వేరు. రేడియోలో పిల్లలకు మైకు ఇచ్చిన చేయి ఇక్కడ కలం ఇచ్చింది. ముళ్ళపూడి వెంకటరమణ గారి తొలి కథ పదునాలుగేళ్ళ ప్రాయంలో ఈ పత్రికలోనే అచ్చయింది. బాపు గారి బొమ్మలు కూడ ఆయన బాలుడుగా ఉన్నప్పుడే ఇందులో వెలువడ్డాయి. 1959లో పత్రిక ఆగిపోయినది.

1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. రాజధాని అయినను కర్నూలుకు రేడియో కేంద్రం రాలేదు; అప్పటికి విజయవాడలో మాత్రం 1948 నుండి కేంద్రం ఉన్నది. 1956లో ఆంధ్రప్రదేశ్ అవతరించగా రాజధాని హైదరాబాదుకు మారింది. అన్నయ్య, అక్కయ్యలు కూడ ఆ ఏటనే మద్రాసును వీడి హైదరాబాదు చేరారు. ఏబది ఏళ్ళు దాటిన వయస్సులో అంతా తిరిగి మొదటి నుండి కట్టుకొనవలసి వచ్చింది. అక్కడ 'బాలానందం' కార్యక్రమం ఆరంభమైనది. నారాయణగూడలో బాలానంద సంఘం స్థిరపడినది. ఆటపాటలు, నాట్యం, నాటకం నేర్చిన చిన్నారులు అక్కడి నుండి స్టూడియోకు నడిచారు. రాయలసీమ తన నేల మీద ఆకాశవాణి కేంద్రాన్ని 1963లో కడపలో చూచింది. అప్పటికి చవకైన ట్రాన్సిస్టర్లు వచ్చి, కరెంటు లేని పల్లెలకు కూడ రేడియో చేరుతున్నది.

కామేశ్వరి గారు 1980లో పరమపదించారు. 1984 ఫిబ్రవరి 24న రాఘవరావు గారు కన్నుమూశారు. ఆ తరువాత కూడ 'బాలానందం' పేరుతో హైదరాబాదు కేంద్రం నుండి పిల్లల గొంతులు వినిపిస్తూనే వచ్చాయి.