ఫ్రీడా కాలో

చిత్రలేఖనమున లోకప్రసిద్ధి నందిన ఫ్రీడా కాలో 1907 జూలై 6వ తేదీన మెక్సికో రాజధాని చెంతనున్న కొయొవాకానులో జన్మించెను. తండ్రి ఛాయాచిత్రకారుడు. ఆరేండ్ల ప్రాయమున పోలియో సోకి కుడికాలు సన్నగిల్లెను. అయినను వైద్యురాలు కావలెనని చదువుచుండెను.

1925 సెప్టెంబరు 17వ తేదీన ఆమె యెక్కిన బస్సును ట్రాము ఢీకొనెను. ఇనుపకమ్మి యొకటి కటిభాగమున దూసికొనిపోయెను. వెన్నెముక మూడుచోట్ల, కుడికాలు 11 చోట్ల విరిగెను. నెలల తరబడి మంచము దిగరాదయ్యెను. పరుండియే బొమ్మలు వేయుటకు తల్లి యొక చట్టము చేయించెను. మంచపు పైకప్పునకు అద్దము నమర్చిరి. ఎదుట కనబడునది తన ముఖమే గనుక దానినే చిత్రింప నారంభించెను.

1929లో చిత్రకారుడు డియేగో రివేరాను వివాహమాడుట, 1939లో ఫ్రాన్సు ప్రభుత్వ మామె చిత్రమును కొనుట కీర్తికి సంబంధించిన ముచ్చటలు. లెక్కలు వ్రాయువాడనగుటచే నా దృష్టి వేరొక పద్దుపై నిలిచినది. ఆమెకు జరిగిన శస్త్రచికిత్సలు సుమారు 30! 1946లో న్యూయార్కున కటియెముక తునుకతోను లోహపు కడ్డీతోను వెన్నుపూసల నతికించిరి. బాధ పోలేదు. 1950లో ఇంచుమించు ఏడాది ఆసుపత్రివాసము. వెన్నునకే ఏడు చికిత్సలు. వీనిలో పెక్కులు అనవసరములని ఆమె మిత్రుడగు వైద్యుడు లియో ఎలోసర్ తలచెను. ఖర్చేగాని జమ లేని ఖాతా యిది.

కీళ్లనొప్పులు, నరముల తీపులు గలవారిని ఇరుగుపొరుగువారు శంకింతురు. గాయము మానినది గదా, ఇంకను మూలుగుటేల యందురు. 1944లో ఉక్కుకవచము ధరించియున్న దినములలో ఫ్రీడా వ్రాసిన 'విరిగిన స్తంభము' అట్టివారికి చూపదగిన పటము. అందామె మేను నిలువున చీలియుండును. వెన్నెముకకు మారుగా పగుళ్లువారిన రాతికంబము. ముఖమున, ఒంటినిండ మేకులు. కన్నీరు కారుచున్నను చూపు మాత్రము నేరుగా మనవంకనే యుండును. కంటికగపడని నొప్పికి ఇంతకన్న సాక్ష్యమేమి కావలెను?

అయిన నామెను దేవతగా జేయరాదు. నొప్పి మరచుటకు మందులకును మద్యమునకును లోబడెను. తుదియేండ్లలో కుంచెనేర్పు సడలెను. 1953 ఏప్రిలున స్వదేశమున తొలిసారి ఆమె చిత్రములకు ప్రత్యేక ప్రదర్శన జరిగినపుడు వైద్యులు కదలవలదనిరి. మంచమును ముందుగా పంపి, అంబులెన్సులో వచ్చి, పరుండియే అతిథులతో ముచ్చటించెను. ఆ యాగస్టులోనే కుడికాలిని మోకాటి క్రింద తొలగించిరి. 1954 జూలై 13వ తేదీన, 47 ఏండ్ల వయస్సున, పుట్టినింటనే కన్నుమూసెను.

ఆ నీలిగృహము 1958 నుండి ప్రదర్శనశాల. ఆమె రంగులద్దిన ప్లాస్టరు కవచములు, అద్దపుమంచము నచట నేటికిని జూడవచ్చును.