లైడెన్ శీతల ప్రయోగశాల నిర్మాత – కామర్లింగ్ ఆనెస్

హీలియం పేరు చెప్పగానే మనకు గుంటూరు స్ఫురించాలి. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని పరిశీలించడానికి ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ విచ్చేసింది అక్కడికే. ఆ వాయువు కథకు ఆ గ్రహణమే ఆరంభం. నలభై ఏండ్ల అనంతరం దానిని ద్రవరూపంలోకి తెచ్చిన హైకె కామర్లింగ్ ఆనెస్ జీవితాన్ని ఇక్కడ స్మరిస్తున్నాము.

ఆయన 1853 సెప్టెంబరు 21న హాలండులోని గ్రోనింగెన్‌లో జన్మించారు. హైడెల్బర్గులో బున్సెన్, కిర్కాఫ్‌ల వద్ద విద్యనభ్యసించి, 1882లో లైడెన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులైనారు. వాన్ డర్ వాల్స్ సిద్ధాంతాన్ని పరీక్షించాలంటే వాయువులను అత్యల్ప ఉష్ణోగ్రతల వద్ద కొలవాలి. అందుకు తగిన శాల లేదు. కనుక ముందుగా శాలనే నిర్మించ పూనుకొన్నారు. మిథైల్ క్లోరైడును ద్రవీకరించి, దాని చల్లదనంతో ఇథిలీన్‌ను, ఇథిలీన్ చల్లదనంతో ఆక్సిజన్‌ను ద్రవీకరించే సోపానక్రమం 1894 నాటికి సిద్ధమైంది.

అంతలో విఘ్నం కలిగింది. 1807లో మందుగుండు నౌక పేలి ధ్వంసమైన స్థలంలోనే ఆ శాల వెలసింది. అధిక పీడన వాయువులు పేలగలవని పట్టణ పాలకులు శంకించగా, 1895 నుండి సుమారు మూడేండ్లు పని స్తంభించింది. ఆ భయం అకారణమని మేము అనజాలము. కానీ 1898లోనే లండనులో డ్యూవర్ హైడ్రోజన్‌ను ద్రవీకరించారు. లైడెన్ ఆ మెట్టు చేరడానికి 1906 దాకా పట్టింది.

ఆనెస్ కలత చెందక పనివారిని తయారుచేశారు. 1901లో ఆయన స్థాపించిన పాఠశాలలో కుర్రవాళ్లు పరికరాల తయారీ, గాజు ఊదడం నేర్చుకొన్నారు. వారి చేతిపనియే ఆయనకు అసలు బలమని మా అభిప్రాయం.

1908 జూలై 10న తెల్లవారుజామునే పని మొదలైంది. 75 లీటర్ల ద్రవ వాయువు, 20 లీటర్ల ద్రవ హైడ్రోజన్ వినియోగించారు. సాయంకాలానికి ఉష్ణోగ్రత తగ్గడం ఆగిపోయింది, గాజుపాత్రలో మాత్రం ఏమీ కానరాలేదు. చూడవచ్చిన సహోద్యోగి ఒకరు క్రిందినుండి దీపపుకాంతి ప్రసరింపజేయమన్నారు. అప్పుడు ద్రవపు అంచు స్పష్టమైంది: 60 ఘనసెంటీమీటర్ల హీలియం, 4.2 కెల్విన్ వద్ద!

1911లో అదే చలిలో పాదరసపు విద్యున్నిరోధం హఠాత్తుగా మాయమైంది. దానినే నేడు అతివాహకత అంటున్నాము. కొలతలు తీసిన హోల్స్ట్ పేరు ఆ పత్రరచయితలలో చేరకపోవడం మాకు వెలితిగానే తోస్తుంది. 1913లో ఆనెస్‌కు నోబెల్ బహుమతి లభించింది.

హీలియంను గడ్డకట్టించడం మాత్రం ఆయనకు సాధ్యపడలేదు. 1926 ఫిబ్రవరి 21న ఆయన కన్నుమూశారు. కొద్ది నెలలకే, అదే శాలలో, శిష్యుడు కేసోమ్ పీడనం పెంచి దానిని ఘనీభవింపజేశారు.